అయిపోయిందమ్మా

ఆమెను వీధిలో అందరూ సూదమ్మ అంటారు. పదకొండేళ్లుగా పిల్లల ఆసుపత్రిలో టీకాలు వేసే నర్సు. ఆమె చెయ్యి తేలికని ఆమె అంటే పడనివాళ్లు కూడా ఒప్పుకుంటారు. పిల్ల తొడ మీద స్పిరిట్ దూది రాసి, "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటుంది. సూది దిగేది ఆ తర్వాతే. అబద్ధమే, కానీ తల్లుల ప్రాణం కుదుటపడుతుంది. చంటిపిల్లలకు మాటలేం తెలుస్తాయిలే అని ఆమె ధీమా.

ఆ ధీమాయే కొంప ముంచింది.

ఆమె కూతురికి పది నెలలు. ఏడో నెలలో ఊపిరితిత్తులకు జబ్బు చేస్తే, ఇంకొకరి చేతి మీద నమ్మకం లేక, పది రోజులపాటు రోజుకు రెండు ఇంజెక్షన్లు ఇంట్లో తనే వేసింది. పిల్ల బతికి బట్టకట్టింది. తల్లి ఎత్తుకుంటే మాత్రం బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. భర్త లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి. సాయానికి ఆయన అక్క వచ్చింది. రెండు నెలలుగా పిల్ల ఆ మేనత్త చంక దిగలేదు. పాలు ఆవిడ పడితేనే, నిద్ర ఆవిడ భుజం మీదే.

ఆవిడ చెడ్డది కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే హాయిగా తిట్టుకోవచ్చు. పొద్దున సంచి సర్దుకుంటూ అనేసింది.

"నాలుగింటికి నా బస్సు. ఈలోగా నీ చేత్తో పాలు తాగిందా, సరే. లేదంటే నాతో తీసుకెళ్తా. తమ్ముడు కూడా సరేనన్నాడు. ఏడ్చి ఏడ్చి చిక్కిపోతోందమ్మాయ్ పిల్ల."

 సూదమ్మ స్పిరిట్ వాసన పోయేదాకా చేతులు రుద్దుకుంది. వదిన పాత చీర తను కట్టుకుంది. రెండుసార్లు సీసా పట్టింది. రెండుసార్లూ పిల్ల నాలుగు గుక్కలు తాగి, ఉన్నట్టుండి గుక్కపట్టి ఏడ్చింది. గంట మూడు దాటింది.

పిల్ల అటు తిరిగి కూర్చుని చెంచాలతో ఆడుకుంటోంది. వదిన డబ్బాలు వెతుకుతూ, "టీపొడి ఏదమ్మాయ్?" అంది.

"అయిపోయింది, వదినా."

పిల్ల కెవ్వుమంది.

సూదమ్మ నిలువునా కొయ్యబారింది. పిల్ల తనను చూడనే లేదు. విన్నది ఒక్క మాట. పొద్దుట్నుంచీ పాలు పడుతూ ఆ మాటతోనే కదా తను బుజ్జగించింది! పాము కరిచినవాడు తాడును చూసి దడుచుకుంటాడంటారు. ఈ పిల్లకు ఆ తాడు అమ్మ నోట్లోనే ఉంది.

మూడోసారి నోరు కుట్టేసుకున్నట్టు కూర్చుంది. పిల్ల పెదవి వంకర తిప్పి ఆమె నోటి వైపే చూసింది. ఆ మాట రాలేదు. ఒక గుక్క మింగింది. మళ్లీ చూసింది. ఇంకో గుక్క. సూదమ్మ ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది. సీసా సగం దాటింది.

వదిన సంచితో గుమ్మంలోకి వచ్చింది. "టైమవుతోంది. అయిపోయిందా, లేదా?"

పిల్ల ఉలిక్కిపడి సీసా వదిలేసింది. బెదురుగా అటూ ఇటూ చూసి, రెండు చేతులా తల్లి మెడ కరుచుకుని ఆమె భుజంలో మొహం దాచుకుంది.

సూదమ్మకు కన్నీళ్లు ఆగలేదు. ఏదో అనబోయి, నోరు మూసుకుంది.

 వదిన సంచి విప్పి, పిల్ల గౌన్లు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది.