రోడ్డుకు ఇవతల నుంచి చూసిన ప్రదర్శన

మా డ్రాయింగ్ సారు పోయారని మొన్న మంగళవారం మీర్‌పేట్ నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. తొంభై దాటిన మనిషి. ‘మా సారు’ అంటున్నాను గానీ, ఆయన దగ్గర నేను ఒక్క గీత కూడా నేర్చుకోలేదు. బడికే పోనివాణ్ణి. దుకాణాల బోర్డులే నా వాచకాలు. దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు కిరాయి సైకిళ్ళ దుకాణం ఉండేది. రోడ్డుకు అవతల, సరిగ్గా ఎదురింట్లో సారు అద్దెకుండేవారు.

కిరాయి సైకిళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. గంటకని తీసుకుపోయినవాడు రెండు గంటలకు వచ్చి, మధ్యలో గాలి పోయిందంటాడు. సారు ఒక్కరే ముందుగా తెచ్చి, మిగిలిన సమయమంతా సైకిల్ పక్కన నిలబడి దాన్నే చూసేవారు.

“ఏం జూస్తున్నరు సార్?”

“వాడుతున్నంతసేపూ వస్తువు కనపడదయ్యా. పనిలోంచి తప్పిస్తేనే దాని మొహం తెలిసేది.”

అరవైతొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చి బళ్ళు మూతపడ్డాయి. సారు గుంటూరు వైపు మనిషి. అంతకుముందు నమస్తే పెట్టినవాళ్ళే ఆయన వస్తుంటే మాటలు ఆపేసేవారు. భార్యను, చంటిపిల్లను ఊరికి పంపేసి, ఆయన ఒక్కరే పాత సామాను ముందేసుకుని కూర్చున్నారు. గొడుగు ఊచలు కొంగ అయ్యాయి. బొగ్గుల ఇస్త్రీపెట్టె మూత తెరిచి లోపల ఒక గరిటె నిలబెడితే అచ్చం ఉపన్యాసం ఇస్తున్న మనిషే. నేనిచ్చిన తెగిన సైకిల్ గొలుసు, ముడుచుకు పడుకున్న కుక్క అయింది.

ఒకరోజు అట్టముక్క మీద రాసి తెచ్చి నా దుకాణానికి వేలాడదీశారు: ‘ఒక్కడి శిల్పాల ప్రదర్శన. మా ఇంట్లో, ఆదివారం. అందరూ రావాలి.’

“ఎవరన్న ఒస్తరా సార్?”

“నువ్వొస్తావుగా. నీ వెనక ఇంకో నలుగురొస్తారు.”

ఒక్కసారి గడప దాటి లోపలికొస్తే జనం మళ్ళీ పలకరిస్తారని ఆయన ఆశ. తప్పకుండా వస్తానన్నాను.

ఆదివారం స్నానం చేసి, మంచి చొక్కా తొడుక్కుని బయల్దేరాను. దుకాణం బెంచీ మీద మా దోస్తులు ఉన్నారు.

“ఏందిరా, పెండ్లికొడుకు లెక్క తయారైనవ్? గా ఆంధ్ర సారింటికా?”

“లే, ఊకెనే.”

“ఊకెనే అయితే కూసో.”

కూర్చున్నాను. సాయంత్రం దాకా కూర్చునే ఉన్నాను. నన్నెవరూ కట్టేయలేదు. ఆ రోడ్డు పట్టుమని ఇరవై అడుగులు కూడా ఉండదు.

మర్నాడు సారే వచ్చారు. “జనం ఎక్కువున్నారని వెనక్కెళ్ళిపోయావా ఏమిటి?” అన్నారు నవ్వుతూ. గొలుసు నా చేతిలో పెట్టారు. తెగినచోట అతికి, నూనె పూసి ఉంది. కుక్క లేదు.

మళ్ళీ ఆయన ప్రదర్శన పెట్టలేదు. గొడవలు చల్లారాయి, బళ్ళు తెరిచారు, మాటలూ కలిశాయి. ఎండల గురించి, నల్లా నీళ్ళ గురించి ఎంతో మాట్లాడుకున్నాం. ఆ ఆదివారాన్ని మాత్రం ఇద్దరం ఎన్నడూ ఎత్తలేదు.

మొన్న మీర్‌పేట్ వెళితే వాళ్ళమ్మాయి, ఆనాటి చంటిపిల్లే, పక్కన కూర్చుని అడిగింది. “ఆ ప్రదర్శనకి ఒకే ఒక్క మనిషి వచ్చాడని నాన్నగారు చెప్పేవారు బాబాయ్ గారూ. మీరేనటగా. ఎలా ఉందండీ?”

అవునంటే నా అబద్ధం. కాదంటే పోయిన మనిషి మాట అబద్ధమవుతుంది.

“నేను లోపటికి పోలేదు బిడ్డా. రోడ్డుకు ఇవతలనే కూసున్న,” అన్నాను. అక్కడి నుంచి చూసిందే చెప్పాను.

మధ్యాహ్నం మూడింటి దాకా ఆ తలుపు బార్లా తెరిచే ఉంది. అప్పుడు సారు బయటికొచ్చి, చెప్పులు వేసుకుని, మూసారాంబాగ్ వైపు కొంతదూరం నడిచారు. ఆగి, వెనక్కి తిరిగి, అడ్రసు వెతుక్కుంటున్నట్టు మెల్లగా తన ఇంటికే వచ్చారు. దోస్తులు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన గడప పక్కన, ఇంకొన్ని జతలకు చోటు వదిలి, ఓ మూలగా చెప్పులు విడిచారు. చేతులు వెనక్కి కట్టుకుని, కొత్తవాడిలా లోపలికి వెళ్ళారు.