అడ్డం పెట్టమాకు, తిప్పు

పిడుగురాళ్లలో ఏ పిల్ల చేతికి బ్యాట్ ఇచ్చినా మొదట దాన్ని నేలకు టకటకా కొడుతుంది. క్రికెట్ అలవాటు. ఆ చప్పుడు వింటే బేస్‌బాల్ నేర్పే సుప్రజకు ఒళ్లు మండేది. పోయిన కార్తీకంలో ఆమె విషజ్వరంతో కన్నుమూసింది గాని, బడి మైదానంలో బ్యాట్ నేలకు తగిలితే పిల్లలు ఇప్పటికీ ఉలిక్కిపడి వెనక్కి చూస్తారు.

సుప్రజ కూడా ఒకప్పుడు జిల్లా జట్టులో ఆడింది. ఆడింది అనడమే గాని, "ఆడపిల్లవి, బంట్ చెయ్యి చాలు" అనేవారు. బంట్ అంటే బ్యాట్ తిప్పకుండా అడ్డం పెట్టి, బంతిని కాళ్ల ముందు పడేసి పరిగెత్తడం. ఒక్కసారైనా నిండుగా తిప్పకుండానే ఆమె ఆట ముగిసింది.

టీచరయ్యాక ఆమెకు రేష్మా దొరికింది. అన్నలతో వీధి క్రికెట్ ఆడి పెరిగిన పిల్ల. దెబ్బంతా చేతుల్లోనే ఉండేది. సుప్రజ ఆ పిల్ల తండ్రి మహమూద్ పంక్చర్ల షాపుకు వెళ్లి పాత లారీ టైరు అడిగింది.

"టైరు దేనికి మేడం?"

"మీ అమ్మాయి కొట్టడానికి."

"ఇంట్లో వాళ్లన్నల్ని కొడతంది చాలదా?" అంటూనే అతను టైరు మోసుకొచ్చి గోలుపోస్టుకు వేలాడగట్టాడు.

చేతులతో కొడితే టైరు బ్యాట్‌ను వెనక్కి నెట్టేది. మణికట్లు జివ్వుమనేవి.

"చేతులు ఆఖర్న రావాల. ముందు వెనక కాలి మడమ లేవాల, నడుం తిరగాల, దాని ఎనకాల భుజం."

"నడుంతో ఎవరన్నా కొడతారా మేడం?"

"సున్నం బస్తాలు లారీలోకి ఇసిరేవాళ్లని చూడు. ఉత్త చేతుల్తో ఇసురుతున్నారా?"

రేష్మా చూసొచ్చింది. వానలు మొదలయ్యేసరికి దెబ్బకు టైరే గిర్రున తిరిగింది.

నరసరావుపేటలో జిల్లా జట్టు ఎంపిక. జిల్లా కోచ్ ధనుంజయరావు మాటే అక్కడ చెల్లుతుంది. రేష్మా మొదటి బంతికి బ్యాట్ తిప్పింది. తగల్లేదు.

"ఏందమ్మా ఆ ఊపుడు? బంట్ చెయ్యి. నీ పరుగుకి అది చాలు, పేరు రాసేస్తా."

రేష్మా సుప్రజ వైపు చూసింది. సరేనని తలూపితే పిల్లకు చోటు ఖాయం. తన పాత కసికి పిల్ల బతుకును పణంగా పెట్టవచ్చా? దగ్గరికి వెళ్లింది.

"నీ ఇష్టం రేష్మా. నేను అడ్డం పెట్టి చోటు తెచ్చుకున్నా. ఆట మాత్రం దొరకలా."

రేష్మా బ్యాట్ పైకెత్తింది. "అట్టయితే మీరు పక్కకి జరగండి మేడం. తగులుద్ది."

మడమ లేచింది, నడుం తిరిగింది. బంతి అందరినీ దాటి ప్రహరీకి కొట్టుకుంది.

"ఏదో తగిలింది," అన్నాడు ధనుంజయరావు.

"ఇంకోటి వేయించండి సార్. తగిలిందో కొట్టిందో తెలుస్తది."

వేయించాడు. అది పక్క గీత బయటికి పోయింది, ఫౌలు; లెక్కలోకి రాదు. ఆయన నవ్వేలోపే సుప్రజ, "ఇంకోటి," అంది. ఈసారి బంతి ప్రహరీ కూడా దాటింది. దాన్ని వెతకడానికి ఎవరూ కదల్లేదు.

ధనుంజయరావు పేరు రాసుకున్నాడు. "మ్యాచిలో మాత్రం నేను చెప్పినప్పుడు బంట్ చెయ్యాల్సిందే."

"చెప్పి చూడండి సార్," అంది సుప్రజ.