పైలట్ సౌండ్

కరోనాకు ముందటి చలికాలంలో, నా సర్వీసు ఇంకా కొంత మిగిలి ఉండగా, మా స్టూడియో నన్ను గోదావరి ఒడ్డున జరిగే ఒక విదేశీ సినిమాకు లొకేషన్ సౌండ్ రికార్డిస్టుగా వేసింది. అప్పటికి నాది సీనియర్ రికార్డిస్టు హోదా. హైదరాబాదులో ఏసీ డబ్బింగ్ థియేటర్ దాటి బయట కాలు పెట్టనక్కర్లేని హోదా అది. అయినా నన్నే పంపారంటే కారణం ఒక్కటే, మాది బూర్గంపాడు. షూటింగు మా ఊరికి ఎగువన, అడవిని ఆనుకుని ఉన్న ఒక కోయ పల్లెలో. స్థానికులతో మాట్లాడే మనిషీ, మైకు పట్టే మనిషీ ఒకే టికెట్ మీద వస్తున్నారని మేనేజ్‌మెంటు సంబరపడింది.

సినిమా తీస్తున్నది ఒక చిన్న దీవుల దేశం వాళ్ళు. దేశం పేరు రాయను. అక్కడ ఉన్నదే గుప్పెడు మంది, పేరు రాస్తే ఎవరు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. అప్పటిదాకా వాళ్ళకు సినిమా పరిశ్రమ అంటే పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు, తీరిక దొరికినప్పుడు రేవులో తీసే చిన్న నాటకాలు. కొన్నాళ్ళకు ప్రభుత్వం ఫిలిం బోర్డు పెట్టింది. చేపల శాఖ భవనం మీద ఒక గది, అందులో రెండు బల్లలు. అదే బోర్డు. తమ సొంత భాషలో మూడు సినిమాలు తీయాలని, మొదటిది నిలబడితేనే మిగతావి మొదలుపెట్టాలని ఆ బోర్డు తీర్మానం.

మొదటి సినిమా దర్శకురాలు లెవీనా. అంతకుముందు బడిలో పాఠాలు చెప్పేది. ఆమె ఎంచుకున్న కథ వాళ్ళ పూర్వీకులది: ఎక్కడో పెద్ద నది ఒడ్డున అడవిలో ఉన్న జనం పడవలెక్కి సముద్రంలోకి వెళ్ళి, ఆ దీవులు చేరారట. దీవుల్లో నది లేదు, నది అన్న మాట కూడా లేదు. 'నడిచే మంచినీళ్ళు' అంటారని లెవీనా చెప్పింది. అందుకే నదినీ అడవినీ వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. కెమెరా, లైట్లు, సౌండు, ఎడిటింగు, డబ్బింగు అన్నీ కలిపి గంపగుత్తగా మా స్టూడియోకే అప్పగించారు.

ఆ కథను సినిమా పొడవునా చెప్పే ముసలాయన పేరు ఆరిమో. నటుడు కాడు. బయటి దీవుల మనిషి. రాజధాని దీవిలో ఒక భాష, బయటి దీవుల్లో ఇంకో భాష. రెండోది మాట్లాడేవాళ్ళు ముసలివాళ్ళయిపోయారు, వాళ్ళ పిల్లలకు రాజధాని మాటే గొప్ప. తమ మాట తెర మీద వినపడితే వాళ్ళకు సిగ్గు పోతుందని లెవీనా ఆశ. మొత్తం సినిమా ఆ ముసలాయన గొంతు మీదే ఆధారపడి ఉందని ఆమె నాకు మొదటిరోజే చెప్పింది. నిజంగానే గొప్ప గొంతు అది. లోతుగా, కొంచెం బొంగురుగా ఉండేది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడా కథలో భాగమే అన్నట్టు మాట్లాడేవాడు.

ఇక్కడ మా వృత్తి గురించి రెండు ముక్కలు చెప్పాలి. లొకేషన్లో మాట రికార్డు చేయడానికి రెండు పద్ధతులు. ఒకటి సింక్ సౌండ్. అక్కడ పలికిన మాటే చివరిదాకా సినిమాలో ఉంటుంది. దానికి జనరేటర్ వ్యాన్ దూరంగా ఉండాలి, యూనిట్ మొత్తం నోరు మూసుకోవాలి. రెండోది మన తెలుగు పరిశ్రమకు దశాబ్దాలుగా అలవాటైన పద్ధతి. అక్కడ రికార్డు చేసేది గుర్తు కోసం మాత్రమే. జనరేటర్ మోగనీ, మేస్త్రీ అరవనీ, ఫర్వాలేదు. తర్వాత థియేటర్లో పెదాలు చూసుకుంటూ కొత్తగా మాట చెప్పించి, దీన్ని పారేస్తారు. పారేసే ఈ సౌండునే పైలట్ అంటాం. పైలట్ తీసే యూనిట్లో రికార్డిస్టు పరిస్థితి పెళ్ళిలో దూరపు చుట్టానిది. ఉంటే ఉన్నాడు, లేకపోతే ఎవరూ వెతకరు.

నేను సింక్ సౌండ్ అనుకుని సామాను సర్దుకుని వెళ్ళాను. వెళ్ళాక చూస్తే జనరేటర్ వ్యాన్ ఒడ్డుకు ఇవతల ఇప్పచెట్టు కిందే ఉంది. ఫారెస్టు వాళ్ళు బండి ఆ బాట దిగకూడదన్నారు. అయినా బండిని ఆ బాట మీదే వెనక్కి, మలుపు దాకా జరిపి పొడవాటి కేబుల్ లాగవచ్చు. ఆ కేబుల్ ఖమ్మం నుంచి తెప్పించమని ప్రొడక్షన్ మేనేజర్ భాస్కరరావును అడిగాను. ఆయన కోస్తా మనిషి, మాట మెత్తన, పని గట్టి.

"డబ్బింగు ఉంది కదండీ రికార్డిస్టు గారూ, ఇప్పుడెందుకీ తలనొప్పి?" అన్నాడు.

ముసలాయన రెండోసారి అదే కథ అదే తీరుగా చెప్పలేడని, ఆయన నటుడు కాదని అన్నాను. "థియేటర్లో కూర్చోబెడితే రాళ్ళు కూడా మాట్లాడతాయండీ" అన్నాడు. ఆయన చేతిలో కొన్ని వందల సినిమాలు అలాగే పూర్తయ్యాయి. ఆయనకు తెలిసిన సినిమా అదే.

పోనీ వైల్డ్ ట్రాక్ అయినా తీసుకుంటానన్నాను. అంటే షాట్ అయ్యాక జనరేటర్ ఆపించి, కెమెరా లేకుండా అదే మాట మళ్ళీ చెప్పించి రికార్డు చేయడం. దానికి ఆయన అడ్డు చెప్పలేదు, రేపు తీసుకుందాం అన్నాడు. ప్రతిరోజూ వెలుగు పోతోందని కెమెరామన్ తొందర, ప్రతిరోజూ రేపు. గోడ మీద 'అప్పు రేపు' అని రాసిన కొట్లో అప్పు ఎప్పటికీ పుట్టదు. నేను లెవీనాకు నేరుగా చెబుదామని వెళ్ళేసరికి భాస్కరరావు అంతకుముందే ఆమెతో మాట్లాడాడు. ఆమె నవ్వుతూ ఎదురొచ్చి, ఇంగ్లీషులో, "మేనేజర్ చెప్పారు, మీరు పైలట్ సౌండ్ తీస్తున్నారట. నాకిక బెంగ లేదు. ఆరిమో కూడా పైలటే, తెలుసా?" అంది. ఏదో సరదాకు అంటోందనుకున్నాను. జనరేటర్ మోత ఎక్కువగా ఉందని మళ్ళీ చెప్పాను. మీ మేనేజర్ చూసుకుంటానన్నారు అంది. మేనేజర్ మాట దాటి దర్శకురాలి మీద ఒత్తిడి తేవడం నా హోదాకు లేని పని. అయినా ఇంకోసారి మేనేజర్‌తో గట్టిగానే గొడవపడ్డాను. ఆ మధ్యాహ్నం నుంచి నా కుర్చీ కెమెరాకు మరింత దూరం జరిగింది.

షాట్లలో ఆరిమో పక్కన కూర్చుని కథ వినే ముసలమ్మగా ఆ పల్లె మనిషే చేసింది. పేరు ముత్తమ్మ. తునికాకు తెంపి, కూలికి పోయి బతికే మనిషి. ఆమె పని ఒక్కటే, ఆయన మొహంలోకి చూస్తూ వినడం. ఒక్క ముక్క అర్థం కాకపోయినా టేకు టేకుకూ అంతే శ్రద్ధగా వినేది. మధ్యాహ్నం అన్నాల దగ్గర, "ఈ తాత చెప్తాంటే మా మామ యాదికొస్తుండు సారూ. గాయన గిట్లనే గొంతు దించి చెప్పేటోడు" అంది.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ జనరేటర్ ఆపారు. యాంబియన్స్ తీసుకోవాలని అందరినీ కాసేపు మాట్లాడవద్దన్నాను. ప్రతి చోటుకూ దానిదైన నిశ్శబ్దం ఉంటుంది, నీళ్ళు, గాలి, దూరంగా పిట్టలు. తర్వాత డబ్బింగు మాటల కింద అది పరిస్తే మాట అక్కడే పలికినట్టు ఉంటుంది. దీనికి మాత్రం భాస్కరరావు కిమ్మనలేదు, డబ్బింగుకు అది కావాలి మరి. మనిషి మాట కోసం ఆగని జనరేటరు, నిశ్శబ్దం కోసం ఆగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. సరే, రికార్డు మొదలుపెట్టాను. సగంలో ఇసుక మీద కూర్చున్న ఆరిమో నీళ్ళకేసి చూస్తూ ముత్తమ్మను ఏదో అడిగాడు. ఆమె, "ఏందో అడుగుతుండు" అంది. టేకు చెడింది. ఎన్.జి. అని చెప్పి, అంటే పనికిరాదని చెప్పి, మళ్ళీ తీశాను. చెడిన టేకులు చెరపడం మా పద్ధతి కాదు కాబట్టి అది అలాగే ఉండిపోయింది.

షూటింగు ముగించి వాళ్ళు వెళ్ళారు. ఎడిటింగు అయ్యాక ఆరిమోను హైదరాబాదు పిలిపించి డబ్బింగు చెప్పించాలని మా స్టూడియో లెక్క. ఈలోగా కరోనా వచ్చింది, విమానాలు ఆగాయి. దారులు తెరుచుకోకముందే ఆయన తన దీవిలో చనిపోయాడు. జ్వరమట. అది ఏ జ్వరమో చెప్పే డాక్టరు ఆ దీవిలో లేడు.

నేను రిటైరయ్యే ముందు థియేటర్లో చేసిన ఆఖరి పని ఆ సినిమాయే. లెవీనా ఒక రేడియో అనౌన్సర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. రాజధాని మనిషి, రాజధాని భాష. బయటి దీవుల నుంచి ఇంకెవరూ దొరకలేదా అంటే, బోర్డు అడిగిన ఇద్దరు ముసలివాళ్ళు చనిపోయినవాడి నోటికి మాట పెట్టడం తప్పని రానన్నారట. మొదలుపెట్టబోతుంటే ఆమె, "ఇతను ఎందుకో నాకు అర్థం కావడం లేదు. బోర్డు పంపితే తెచ్చాను. ఆరిమో గొంతు మీ దగ్గరుంది కదా, ముందు అది వేయండి" అంది.

వేశాను. జనరేటర్ మోత, దాని అడుగున ఎక్కడో ఒక మనిషి.

"ఇది కాదు, పైలట్ సౌండ్ వేయండి" అంది.

ఇదే పైలట్ అన్నాను. తమ దేశంలో ఆ మాటకు అర్థమేమిటో ఆమె అప్పుడు చెప్పింది. వాళ్ళ దీవుల చుట్టూ నీళ్ళ కింద పగడపు గుట్టలుంటాయి. వాటి మధ్య దారి తెలిసి, ఓడను రేవులోకి నడిపించేవాణ్ణి పైలట్ అంటారు. పైలట్ లేనిదే ఓడ ఒడ్డు చేరదు. దేశంలో అందరికన్నా నమ్మకమైన మనిషి ఆయనే. ఆరిమో బతుకంతా చేసింది ఆ పనే. పైలట్ సౌండ్ తీస్తున్నారంటే, అన్నిటికన్నా ముఖ్యమైన సౌండు తీస్తున్నారని ఆమె అనుకుంది. మేము పారేసేదానికి పెట్టుకున్న పేరు, వాళ్ళు ప్రాణం అప్పగించేవాడికి పెట్టుకున్నారు. భాస్కరరావు అబద్ధం ఆడలేదు. ఆమె తప్పుగా వినలేదు. ఇద్దరూ సరిగ్గానే మాట్లాడుకున్నారు, సినిమా మునిగింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే మిగిలింది కాబట్టి పట్టుకున్నాను. శబ్దాన్ని వడగట్టే సాఫ్ట్‌వేర్లు స్టూడియోలో ఉన్నవన్నీ వాడాను. కానీ జనరేటర్ మోత, ఆయన గొంతు ఒకే లోతులో ఉన్నాయి. మోత తీస్తే గొంతూ పోతుంది. మిగిలేది నీళ్ళ గొట్టంలోంచి వచ్చినట్టున్న ఒక పీల మాట. లెవీనా విని, వద్దు, ఆపేయండి అంది. అనౌన్సర్ తన పని తాను శుభ్రంగా చేసిపోయాడు. ఒక్క అక్షరం తడబడలేదు. అదే భరించలేకపోయాను.

వెతగ్గా వెతగ్గా ఆ చెడిపోయిన యాంబియన్స్ దొరికింది. ఆరిమో గొంతు శుభ్రంగా ఉన్నది అదొక్కటే. ఒకే ఒక్క వాక్యం. అర్థమేమిటని లెవీనాను అడిగాను. ఆమె రెండుసార్లు వేయించుకుని విని చెప్పింది: "ఈ నీళ్ళు మళ్ళీ ఎప్పుడు వెనక్కొస్తాయి?" సముద్రంలో పాటు తర్వాత పోటు వస్తుంది, పోయిన నీళ్ళు వస్తాయి. ఆ పోటు చూసుకునే ఆయన బతుకంతా ఓడలు నడిపాడు. గోదావరి ఒడ్డున కూర్చుని కూడా దానికోసమే చూశాడన్నమాట. ఆ వాక్యం సినిమాలో ఎక్కడా ఇమడలేదు.

సినిమా వాళ్ళ దేశంలో విడుదలైంది. రాజధానిలో చప్పట్లు కొట్టారు. బయటి దీవుల్లో బడి ఆవరణల్లో తెరలు కట్టి వేశారు. ఆరిమో నోరు తెరవగానే రాజధాని మాట వినపడేసరికి మొదట నవ్వారట, తర్వాత ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారట. బోర్డు మిగతా రెండు సినిమాలు విరమించుకుంది. చేపల శాఖ తన గది తాను వెనక్కి తీసుకుంది. లెవీనా ఇప్పుడు రిసార్టులకు ప్రకటనలు తీస్తోంది, వాటిలో మాటలుండవు, సంగీతం మాత్రమే. ఈ మాట ఆమే ఫోనులో చెప్పింది.

రిటైరై బూర్గంపాడు వచ్చాక ఒకరోజు ఆ పల్లెకు వెళ్ళాను. ముత్తమ్మ ఇంటి ముందు చింతపండు ఒలుస్తోంది. తను ఉన్న సినిమా చూస్తానంటే ఫోనులో పెట్టాను. తనను తాను చూసుకుని మురిసింది. ఆరిమో మాట్లాడగానే చెయ్యి ఆగింది.

"ఇది ఆ తాత గాదు సారూ. నోరు ఆయనదే. ఎవడో లోపల్నుంచి మాట్లాడుతుండు."

జరిగింది చెప్పి, ఆ చెడిన టేకు వినిపించాను. నీళ్ళ చప్పుడు, ఆయన ప్రశ్న, "ఏందో అడుగుతుండు" అన్న ఆమె గొంతు.

"అవ్, గీయననే" అంది. "ఏమడిగిండు గప్పుడు?"

చెప్పాను. ఆమె గోదావరి వైపు ఓసారి చూసి, మళ్ళీ చింతకాయ అందుకుంది.

"రావని ఎవ్వరూ చెప్పలేదా ఆయనకు?"

ఆ రోజు ఆయన దగ్గరలో ఉన్న మాలో ఆ ప్రశ్న ఎవరికీ అర్థం కాలేదు, అర్థం చేసుకుందామనీ ఎవరూ ఆగలేదు. నేనైతే ఎన్.జి. అన్నాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు దీని నుంచి చెప్పదగ్గది ఒకటి ఉంది. మనిషి మైకు ముందు మాట్లాడుతున్నప్పుడు అదే ఆఖరిసారి అనుకుని రికార్డు చేయాలి. ఇది ఈ సినిమా నాకు నేర్పింది కాదు, ఉద్యోగంలో చేరిన ఏడాదే తెలుసు. ఈ సినిమా నేర్పింది వేరే: తెలియడం వేరు, జనరేటర్ ఆపించగలగడం వేరు. చివరికి ఏ గొంతు మిగలాలో నిర్ణయించేది రెండోదే.