మామగారి మినుములు, నా టర్బో బండి

మా దివిసీమలో కొండలు లేవు. కారు సత్తా తేలాలంటే కరకట్ట ఎక్కించాల్సిందే. ఆ ఏడు వేసవి మొదట్లో నా డీజిల్ టాక్సీ కట్ట ఎక్కనని మొండికేసింది. నెమ్మదిగా నడిపితే ఏ రోగమూ లేదు. బస్సును దాటుదామని గట్టిగా తొక్కానో, నల్లటి పొగ కక్కి చతికిలబడేది. పేరుకి టర్బో బండి. ఆటోవాళ్లు హారన్ కొట్టి మరీ దాటిపోతుంటే ఒళ్లు మండిపోయేది.

వేరే రోజులైతే సర్దుకుపోయేవాణ్ణే. మా ఆవిడకి నెలలు నిండాయి. పుట్టింట్లో ఉంది. ఆస్పత్రేమో బందరులో. నొప్పులొస్తే ఈ బండిలోనే తీసుకెళ్లాలి.

పామర్రు మెకానిక్ ఎక్కడైనా గాలి లీకవుతోందేమోనని టర్బో గొట్టాలకి సబ్బునీళ్లు పూసి చూశాడు. ఎక్కడా బుడగ రాలేదు. డీజిల్ ఫిల్టర్ మార్చాడు. "ఎయిర్ ఫిల్టర్ సంగతేంటి?" అన్నాడు.

"పోయిన నెలే కొత్తది వేయించానండీ," అన్నాను దర్జాగా. ఇక అతను ఆ ఫిల్టర్ డబ్బా జోలికి పోలేదు. టర్బో విప్పాలి, బండి వదిలెళ్లమన్నాడు. వదల్లేక తిరిగొచ్చేశాను.

సాయంత్రం అత్తారింటికి వెళ్తే మా ఆవిడ మేడమెట్ల మధ్యలో కూలబడి ఉంది. కంగారుపడ్డాను.

"ఏం లేదండీ. కింద ఎంతసేపు తిరిగినా బానే ఉంటుంది. మెట్లెక్కితేనే ఊపిరి అందట్లేదు," అంది.

నా బండి జబ్బూ అదే కదా అనిపించింది. డీజిల్ అందుతోంది, గాలే చాలట్లేదు. అందుకే ఆ నల్ల పొగ. వెళ్లి ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచాను. కొత్త ఫిల్టర్ మడతల నిండా మినప నుసి.

మా వైపు మినప మొక్కలు పీకి రోడ్డు మీద పరుస్తారు, వచ్చేపోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. ఆ ఏడు, నేను ఫిల్టర్ మార్పించిన వారానికే మామగారు "అల్లుడి కారుండగా ఇంకోళ్ల బండి కోసం చూడ్డమేంటి?" అన్నారు. నేనూ పొంగిపోయి పంటంతా అటూ ఇటూ తొక్కించాను. ఆ దుమ్మంతా పాపం బండి మింగింది.

"అయితే మా మినుములదా తప్పు?" అన్నారు మామగారు మీసాల్లో నవ్వుతూ.

"మినుములది కాదు మావయ్యగారూ, మీ అల్లుడిది," అన్నాను.

అవనిగడ్డలో కొత్త ఫిల్టర్ కొని వేశాను. తొక్కితే బండి ఒక్క ఊపున కరకట్ట ఎక్కింది. పొగ లేదు. ఏడ్చినంత పని చేశాను.

మర్నాడు తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయి. బందరు రోడ్డు మీద లారీల్ని, బస్సుల్ని దాటుకుంటూ పోతున్నాను. వెనక సీట్లో వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని మా ఆవిడ పళ్లు బిగించి అంది, "కాస్త నెమ్మదిగా పోనియ్యండి. మీ తొక్కుడుకి కార్లోనే పుట్టేట్టుంది."

నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. బ్రేకు తొక్కాను. భోజనాల వేళకి ఆస్పత్రిలో మా అమ్మాయి పుట్టింది.