మత్తుకు లొంగని చౌడేశ్వరమ్మ

చిత్తూరు జిల్లాలో గానీ, తిరుపతి జిల్లాలో గానీ, అవతల మద్రాసు దాకా వెతికినా గానీ, మా అవ్వ చౌడేశ్వరమ్మను నిద్రపుచ్చే మందు ఇంతవరకూ పుట్టలేదు. ఆమెకు ఆపరేషన్ చేసిన రోజు సూది ఆమెకు గుచ్చితే ఆవలింతలు మత్తు డాక్టరుకు వచ్చాయి. కోసే డాక్టరుకు కళ్ళు మూతలు పడ్డాయి. నర్సులు గోడకు జారగిలబడ్డారు. మా అవ్వ ఒక్కతే బల్ల మీద మెలకువగా ఉండి, "కుట్లు దగ్గర దగ్గరగా ఎయ్యప్పా, ఎడం ఎక్కువైతే పోగు జారుతాది" అని దగ్గరుండి పని చేయించుకుంది.

ఇది నేను కల్పించింది కాదు. కల్పించింది మా తాత మునిరామయ్య. నేను కాస్త ఉప్పూ కారం చేర్చానంతే. నగరిలో మా వీధిలో ఉన్న మగ్గాల షెడ్లన్నిటికీ ఈ కథ తెలుసు. జరిగింది మాత్రం వేరు.

చౌడేశ్వరమ్మ పెళ్ళయి వచ్చింది మొదలు మరమగ్గాల మధ్యే బతికింది. పొద్దున షెడ్డులో స్విచ్చి వేశాక ఆ టకటకల్లో పక్కనున్న మనిషి గొంతు కూడా వినబడదు. అందుకే ఆమెకు చెవులు సగమే పనిచేస్తాయి, గొంతు మాత్రం రెట్టింపు. ఎవరి చెవిలోనైనా ఆమె రహస్యం చెబితే వీధి చివర టీ కొట్టు అతను "అట్లనా!" అంటాడు. జుట్టు నెరిసిందో, దూది పట్టిందో ఆమె తలంటు పోసుకుంటే గానీ తేలదు.

షెడ్డులో మాటలన్నీ చేతులతోనే. అన్నం తిన్నావా అనడానికి ఒక సైగ, ఓనరు వస్తున్నాడనడానికి మీసం తిప్పే సైగ. అన్నిటికన్నా పెద్దది ఒకటుంది. రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి పిడికిలి బిగించాలి. పోగు తెగింది, మగ్గం నిలుపు అని అర్థం. అది చేసింది ఎవరైనా సరే, మగ్గం దగ్గరున్నవాళ్ళు ఎదురు ప్రశ్న వేయకుండా నిలపాలి. నిలపకపోతే గుడ్డ పాడైపోతుంది. ఆ సైగను లెక్కచేయని మనిషితో షెడ్డులో ఎవరూ కలిసి పనిచేయరు.

అలాంటి చౌడేశ్వరమ్మకు కొన్నేళ్ళ కిందట పిత్తాశయంలో రాళ్ళు చేరాయి. నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే తాత ఒక ఆసుపత్రిలో చేర్చాడు. అప్పటికి నేను బడిలోనే ఉన్నాను, అంటే బడి నన్ను ఇంకా భరిస్తోంది. ఆమెకు మత్తు ఇచ్చారు. నిద్రపోయింది. మధ్యలో మెలకువ వచ్చింది.

అంతా అయిపోయిందేమో అనుకుంది మొదట. పైన ఎవరో బంగారుపాళ్యం మార్కెట్లో మామిడికాయల ధర పడిపోయిందని చెప్పుకుంటున్నారు. పాపం రైతులు, అని కూడా అనుకుంది. అంతలో ఆమె కడుపులో ఏదో పట్టుకుని లాగారు. ఆ నొప్పి ఉన్నదున్నట్టు తెలిసింది.

మర్నాడు ఆ సంగతి చెబితే డాక్టరు, "మత్తులో అట్లాంటి కలలు వస్తాయమ్మా" అని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. మొగుడికి చెప్పింది. మా తాతకు అవ్వంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే పొరపాటు చేశాడు. ఆమె నొప్పి గురించి చెబుతుంటే ఆయనకు ధైర్యమొక్కటే వినబడింది. షెడ్డుకు పోయి, మగ్గాలు ఆగిన అన్నాల వేళ, "మా ఇంటామె మత్తుకే లొంగలేదబ్బా! కడుపు కోస్తావుంటే మామిడికాయల రేటు ఇంటా పడుకోనింది!" అన్నాడు. షెడ్డంతా చప్పట్లు కొట్టింది.

ఇక చూడండి. వీధిలో ఎవరికి ఆపరేషన్ పడినా ముందు చౌడేశ్వరమ్మ దగ్గరికి తీసుకొచ్చేవాళ్ళు. కాన్పు ఆపరేషన్లు, అపెండిక్సులు, ఆఖరికి పన్ను పీకించుకునేవాళ్ళు కూడా వచ్చారు. ఆమె వాళ్ళ నెత్తిన చెయ్యి పెట్టి, "ఏం కాదు పో. నాకేమైంది, గుండ్రాయి మాదిరి లేనా?" అనేది. వాళ్ళు ధైర్యంగా వెళ్ళేవాళ్ళు. ఆమె లోపలికి వచ్చి, చాప మీద కూర్చుని, చాలాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. మేం దాన్ని గర్వమనుకున్నాం.

నిరుడు ఆమెకు బొడ్డు దగ్గర పాత కుట్టు పక్కన ఉబ్బు కనబడింది. కనబడింది అంటే ఆమెకు కనబడింది, మాకు కాదు. మగ్గం మీది గుడ్డ ముక్క చించి కడుపు చుట్టూ బిగించి కట్టుకుని, పైన చీర కప్పేసింది. ఒకరోజు నీళ్ళ బిందె ఎత్తబోయి కొళాయి దగ్గరే కూర్చుండిపోతే బయటపడింది. స్కాన్ తీశారు. పేగు బయటికి తోసుకొస్తోందనీ, అది మెలిక పడితే ప్రాణం మీదికి వస్తుందనీ, ఆపరేషన్ ఒక్కటే దారనీ చెప్పారు.

"ఈ పడుగు దిగినాక పోదాం" అంది చౌడేశ్వరమ్మ.

మగ్గానికి ఎక్కించిన నూలంతా నేయడం అయి పడుగు దిగింది. ఎవరూ చూడకుండా ఇంకో పడుగు ఎక్కించింది. అది దిగేసరికి ఆడికృత్తిక పండగ వచ్చింది. "తిరుత్తణికి కావడి మొక్కుండాది, మొక్కు దీర్సకుండా కత్తి కింద పండుకుంటారా?" అంది. కావడి అయ్యాక పెట్ట పొదుగుతోందంది.

"మే, మత్తుకే లొంగనిదానివి, నీకు బయమేంది?" అన్నాడు తాత.

"నాకు బయమని ఎవురన్నారు?" అని అవ్వ ఎంత గట్టిగా అరిచిందంటే పొదుగుతున్న పెట్ట లేచిపోయింది.

ఒక తెల్లవారుజామున నొప్పి, వాంతులు మొదలయ్యాయి. కాసేపటికి తగ్గాయి గానీ ఇక ఆగేది లేదనుకున్నాం. "ఊరికే సూపించుకుని వచ్చేద్దాం అవ్వా, గోవిందరాజస్వామి గుడికాడ గాజులు కొనిస్తా" అని మభ్యపెట్టి తిరుపతి బస్సెక్కించాను.

అక్కడ ఆసుపత్రిలో చూసిన పెద్ద డాక్టరు ఆమెను వెనక్కి పంపనన్నాడు. చేర్చుకుని, మత్తు డాక్టరు దగ్గరికి పంపించాడు. ఆ డాక్టరమ్మ పేరు నిస్సీ. చిత్తూరు మనిషే. ముఖం చూస్తే నాకంటే నాలుగేళ్ళు పెద్దదేమో అనిపించింది. బి.పి. చూసింది, పళ్ళు కదులుతున్నాయేమో చూసింది.

"ఇంతకు ముందు మత్తు ఇచ్చినప్పుడు ఏమన్నా ఇబ్బంది అయినాదా అవ్వా?"

"ఏం లే."

నా నోరు ఊరుకోదు కదా. "మా అవ్వకు మత్తు ఎక్కదు మేడం. పోయిన ఆపరేషనంతా మెలకువగా ఉండి మామిడికాయల రేటు కనుక్కోనింది" అని నవ్వాను.

డాక్టరమ్మ నవ్వలేదు. పెన్ను పక్కన పెట్టింది. కుర్చీ అవ్వ దగ్గరికి జరుపుకుంది.

"ఏం ఇనిపించింది అవ్వా? మొదుట్నించీ సెప్పు. నాకేం తొందర లేదు."

చౌడేశ్వరమ్మ ముందు ఫ్యాను వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. తర్వాత తన కుడిచేతిని ఒడిలో పెట్టుకుని దానివైపు చూస్తూ మొదలుపెట్టింది.

"అరుద్దామంటే నోరు రాలే. కండ్లు తెరుద్దామంటే రెప్పలు లేయలే. సరే, మాట లేకపోతే మాయె, షెడ్డులో మాదిరి సైగన్నా జేస్తే ఎవురన్నా సూస్తారు గదా అని ఏళ్ళు ఆడించబోతి. నిలుపు నాయనా అని. ఏళ్ళు కదల్లేదు పాపా. ఎన్నితూర్లు జేసినా కదల్లే. నా ఏళ్ళే అవి. ఎవురివో మాదిరి పడుండాయి. వాళ్ళు మామిడికాయలు మాట్లాడతానే ఉండారు, లాగతానే ఉండారు."

మా అవ్వ గొంతు అంత సన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు. పక్కన కూర్చున్న నాకే సగం అందలేదు. ఆ వేళ్ళ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మేం ఎవరం అడగనూ లేదు.

"అది కల కాదవ్వా" అంది డాక్టరమ్మ. "నీకు నిజంగానే మెలకువ వచ్చింది. శానా అరుదుగా అట్ల అవుతాది. నిద్రకు ఒక మందిస్తాం, ఒళ్ళు కదలకుండా ఉండేదానికి ఇంకొకటిస్తాం. నిద్ర మందు సాలక, రెండోది మాత్రం పనిజేస్తావుంటే, నువ్వు లోపల మేలుకోనింది బయటోళ్ళకు తెలీదు. కనిపెట్టాల్సింది మేమే. నీ తప్పేం లేదు."

అవ్వ ఆమె ముఖంలోకి అలాగే చూసింది.

"నమ్మనోళ్ళు కల అన్నారు" అంది. "నమ్మినోళ్ళు నవ్వినారు."

నేను నా చెప్పులు చూసుకున్నాను. చూడటానికి అంతకన్నా మంచి చోటు ఆ గదిలో లేదు.

డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. పూర్తిగా నిద్రపుచ్చి, నిద్ర ఎంత లోతుగా ఉందో చూపించే పట్టీ నుదుటికి అంటించి కనిపెట్టుకుని ఉండటం ఒకటి. వెన్నుకు సూది వేసి పొట్ట నుంచి కిందికి మొద్దుబారేట్టు చేయడం రెండోది. అప్పుడు మెలకువగానే ఉంటుంది.

"ఏళ్ళు కదులుతాయా?" అంది అవ్వ.

"కదులుతాయి. మాట్లాడొచ్చు గూడా."

"మాట యాడ నమ్మేది, బయమైతే నోరు ఎండకపోతాది. ఏళ్ళు కదిల్తే సాలు. అయితే ఇట్ల సూడు." రెండు వేళ్ళు ఆడించి పిడికిలి బిగించింది. "నేనిట్లంటే నిలిపేయాల. యాల, ఎందుకు అని అడక్కూడదు."

డాక్టరమ్మ కూడా చేసి చూసింది.

"అట్ల గాదు, అది బీడీ అడిగినట్టుండాది. పిడికిలి బిగించు!" అవ్వ గొంతు మళ్ళీ పైకి లేచింది. బయట వరండాలో వరుసలో ఉన్నవాళ్ళంతా లోపలికి తొంగిచూశారు.

ఆపరేషన్ గదిలో జరిగింది చౌడేశ్వరమ్మ తర్వాత చెప్పినదే. వెన్నులో సూది చీమ కుట్టినట్టు ఉంది. కాళ్ళు మొద్దుబారాయి. మొహానికి అడ్డంగా పచ్చగుడ్డ కట్టారు. కుడిచెయ్యి మాత్రం వదిలిపెట్టి, పక్కనే స్టూలు వేసుకుని నిస్సీ కూర్చుంది. పెద్ద డాక్టరు పని మొదలుపెట్టాడు. కాసేపు ఏమీ తెలియలేదు. తర్వాత లోపల ఎక్కడో లాగినట్టు, కడుపులో తిప్పినట్టు అనిపించింది. ఆ పాత రోజు మొత్తం ఒక్కసారిగా మీద పడింది. నాలుక అంగిలికి అతుక్కుపోయింది.

అప్పుడామె వేళ్ళు ఆడించింది. అవి కదిలాయి. పిడికిలి బిగించింది.

"సార్, ఆపండి" అంది నిస్సీ.

పెద్ద డాక్టరు చేతులు ఆగిపోయాయి. ఎందుకని అడగలేదు. నిస్సీ వంగి ఎక్కడ తెలుస్తోందో అడిగింది, చేతికున్న సూదిలో ఇంకో మందు వేసింది, నొప్పి పోయిందని అవ్వ తల ఊపేదాకా ఎవరూ చెయ్యి కదపలేదు. తర్వాతే మళ్ళీ మొదలుపెట్టారు.

ఇంకాసేపటికి మళ్ళీ పిడికిలి బిగించింది. మళ్ళీ ఆపారు.

"యాడ తెలస్తా ఉండాది అవ్వా?"

"యాడా లేదు. నిలుపుతారా లేదా అని సూస్తి."

పచ్చగుడ్డ అవతల పెద్ద డాక్టరు నవ్వాడట. "నిలుపుతాం అవ్వా, ఎన్నిసార్లయినా నిలుపుతాం. కానీ నాకు అన్నానికి పొద్దుపోతాది" అన్నాడట. ఆ మాట విని అవ్వకు జాలేసింది. సరే కానియ్యప్పా అంది. ఆ తర్వాత ఇక ఆమె చెప్పలేదు, నిస్సీ చెప్పింది. కుడిచెయ్యి నిస్సీ చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని, చౌడేశ్వరమ్మ తన నిద్ర తాను పోయింది. గుర్రు కూడా పెట్టింది. కుట్లు వేయడం అయిపోయాక లేపాల్సి వచ్చింది.

తాత వార్డుకు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. జరిగిందంతా నేను చెప్పాను, మొదటి ఆపరేషన్‌లో కదలని వేళ్ళ సంగతితో సహా. ఆయన చాలాసేపు ఆమె కుడిచెయ్యి పట్టుకుని ఒక్కొక్క వేలూ నిమురుతూ కూర్చున్నాడు. అవ్వ సిగ్గుపడి, "ఇడువయ్యా, నర్సులు సూస్తా ఉండారు" అని వార్డంతా వినబడేట్టు చెప్పింది.

ఇంటికి వచ్చాక షెడ్డువాళ్ళు చూడటానికి వచ్చారు. తాత కొత్త కథ చెప్పాలని నోరు తెరిచి, ఆగి, "సెప్పనా మే?" అని అడిగాడు. ఆమె సరేనన్నాకే చెప్పాడు. ఇప్పుడు కూడా ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళు ఆమె దగ్గరికి వస్తారు. నెత్తిన చెయ్యి పెడుతుంది గానీ ఏం కాదు పో అనదు. "ఇంతకు ముందు ఏమైనా అయ్యుంటే మత్తు డాక్టరుకు దాసకుండా సెప్పు. వాళ్ళు ఇనకపోతే ఇంకొకతూరి సెప్పు" అంటుంది.

ఇదంతా రాసి, ఆమె పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించాను. "అందురూ నిన్ను ధైర్యస్తురాలు అనుకుంటా ఉండారు గదవ్వా, నువ్వు బయపడిన మాట ఉంచేదా, కొట్టేసేదా?" అని అడిగాను.

"ఉంచే. బయపడినాననే రాయి. కడుపు కోస్తావుంటే బయపడక పండుకోని పాటలు పాడతారా? పదో తరగతి రెండుతూర్లు తప్పినదానివి, ఈ మాటన్నా తప్పు లేకుండా రాయి."