కొట్లాట లేదని తెలిసి

చర్లకు నర్సుగా వచ్చిన కొత్తల సంగతి. కిరాయి రూంల ఒక్కదాన్నే ఉండేదాన్ని. డ్యూటీ నుంచి రాగానే టీవీ పెట్టుకునేదాన్ని. పదిమందిని ఒకే ఇంట్ల ఉంచి, వాళ్లు కొట్లాడుకుంటుంటే చూపిస్తరే, ఆ షో అంటే నాకు పిచ్చి.

ఒక సాయంత్రం వాన చప్పుడుకు వినపడక సౌండ్ బాగా పెంచిన. టీవీల ఒకడు ఒక పిల్లను "బయటికి నడువ్!" అని గదమాయిస్తుంటే ఉండబట్టలేక, "పోను, ఏం చేస్తవ్?" అని నేనే గట్టిగా అరిచిన.

దబదబా తలుపు చప్పుడైంది. తీస్తే ఇంటి ఓనరు ఖాసింబీ, చేతిల రొట్టెల కర్ర. ఆమె వెనక గొడుగులు పట్టుకొని వాడకట్టంతా నిలబడ్డది.

"ఎవడు బిడ్డా, నిన్ను ఎల్లగొట్టేది?"

సిగ్గుతో చచ్చిపోతూ టీవీ వైపు చూపించిన.

"గింతేనా!" అన్నరెవరో. నవ్వుకుంట అందరూ ఎల్లిపోయిండ్రు. పెనం మీద రొట్టె మాడుతుందని ఖాసింబీ కూడా ఉరికింది.

నేను వచ్చినప్పటి నుంచి నా గడప దగ్గరికి అంతమంది రావడం అదే మొదలు. టీవీల కొట్లాటలు నాకెందుకు అంత ఇష్టమో అప్పుడే అర్థమైంది. కొట్లాట ఉన్నదంటే ఇంట్ల ఇంకొకరు ఉన్నట్టే కదా.

మర్నాడు సాయంత్రం వాన లేదు. అయినా సౌండ్ తగ్గించలేదు.