తాళం కొండి ఉన్న కూలర్

మా మేనమామ పోయాడని కార్వాన్‌లోని ఆయన ఇంటి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను కూలర్‌లో నీళ్లు పోస్తున్నాను. ఆ కూలర్ ఆయన చేసి ఇచ్చిందే. బకెట్ పక్కన పెట్టి అక్కడే కూలబడ్డాను.

ఆయన చేసిన ప్రతి రేకు కూలర్‌కూ గడ్డి తలుపు మీద తాళం వేసుకునే కొండి ఒకటి ఉండేది. తాళం మాత్రం ఎవరూ వేసేవారు కాదు. ప్రతిదీ కెలికే బుద్ధి కదా నాది, ఓసారి అడిగేశాను.

"మామా, కూలర్‌కు తాళమేంది? గాలిని దొంగలు ఎత్తుకపోతరా?"

కొండిని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. "ఏమో బిడ్డా, గట్లనే పెడ్తం. లేకుంటే బోసిగుంటది."

పెట్టేది ఆయన, ఎందుకో తెలియనిదీ ఆయనకే! జనం మాత్రం దానికి పని కనిపెట్టారు. కూలర్ ఊగకుండా కొండికి తాడు వేసి కిటికీ చువ్వకు కట్టుకునేవారు. పక్క దుకాణం వాళ్లు కూడా చూసి తమ కూలర్లకు కొండి పెట్టడం మొదలుపెట్టారు.

నాకైతే ఆ సంగతి మనసులోంచి పోలేదు. జహనుమాలో మా ఇంటి అటక మీద అమ్మ పెళ్లినాటి ఇనుప పెట్టె ఉంది, మామ తండ్రి చేసింది. దించి చూద్దును కదా, అదే కొండి! రేకు అంచులో తీగ పెట్టి చుట్టిన మడత కూడా మామ కూలర్లకు ఉన్నదే.

తాత పెట్టెలు చేసేవాడు. సూట్‌కేసులు వచ్చి పెట్టెలు అడిగే దిక్కు లేకపోయాక మామ కూలర్లకు మారాడు. తాత అలిగాడు. కొడుకుతో మాట్లాడకుండానే పోయాడు. "మా బాపు పనిని నేనే ముంచిన," అని మామ అన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

పెట్టెను ఆటోలో వేసుకుని కార్వాన్‌లో మామ దుకాణానికి పోయాను. మామ కొండిని బొటనవేలితో తడిమాడు. జేనతో కొలిచాడు. కూలర్ దగ్గరకు పోయి అక్కడా కొలిచాడు.

"అరే! ఇన్నొద్దులు పెట్టెలే చేస్తున్ననా నేను?" నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

"మరి తాతకు ఎవరు నేర్పిండ్రు?" నా ప్రశ్నలకు విసుక్కోని పెద్దమనిషి మా ఇళ్లలో ఆయనొక్కడే.

"వాళ్ల బాపు. ఆయన బొక్కెనలు చేసేటోడు. చేతులు కోస్కపోవద్దని గీ తీగమడత ఆయన వెట్టిందే." పెట్టె మూత వేసి అన్నాడు. "మా బాపు పెట్టెలు మొదలువెట్టిననాడు గాయన గూడ మాట్లాడుడు బంద్ చేసిండంట."

మడతతో పాటు అలక కూడా తండ్రి నుంచి కొడుక్కు వచ్చిందన్నమాట! ఆ రోజు మామ టీ తాగడం కూడా మరచిపోయాడు.

పోయిన ఎండాకాలం ప్లాస్టిక్ కూలర్ల దెబ్బకు ఆయన గిరాకీ పడిపోయింది. టిఫిన్ బండ్లు చేద్దామని, ఆయన దగ్గరే రేకు పని నేర్చుకున్న కూతురికి ఉంది, చెప్పే ధైర్యం లేదు. తోడుగా నన్ను పిలిచింది. దుకాణంలో పెద్ద రేకు పరిచి, తల ఎత్తకుండానే అంది.

"బాపూ, ఇగ కూలర్లు బంద్. బండ్లు చేస్త."

తాత అలక గుర్తొచ్చి మేమిద్దరం మామ ముఖం వైపే చూశాం. ఆయన మెల్లగా లేచి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, రేకు రెండో కొస ఎత్తి పట్టాడు.

"వంచు బిడ్డా, నేను పట్టుకున్న."